ఆవిరి పట్టిన ముక్క

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా అన్న మనుమరాలు, అంటే నా మేనకోడలి బిడ్డ, పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఇక్కడే సూర్యాపేటలో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో చదువు సాగడం లేదు, సోమవారం పరీక్ష ఉంది, పేట అమ్మమ్మ ఇంట్లో అయితే అన్నంతో పాటు నిశ్శబ్దం కూడా దొరుకుతుందని దాని ఆలోచన. నేను వంటింట్లో బియ్యం ఏరుకుంటుంటే అది ముందుగదిలో అటూ ఇటూ తిరుగుతూ గట్టిగా బట్టీ పట్టడం మొదలుపెట్టింది. దెబ్బ తగిలిన చోట శరీరం చూపించే గుర్తులు అయిదని, ఎరుపు, వేడి, వాపు, నొప్పి అని నాలుగు చెప్పి, అయిదోదాని దగ్గర ఆగి, మళ్ళీ మొదటికి వెళ్ళి, మళ్ళీ అక్కడే ఆగుతోంది. మూడోసారికి ఇక ఊరుకోలేక, ఆ భాగం తన పని తాను చేసుకోలేకపోవడం అని వంటింట్లోంచే అందించాను. అది గుమ్మంలోకి వచ్చి నిలబడి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

దాని తప్పేమీ లేదు. రక్తం, మూత్రం పరీక్షలు చేసి రిటైరైన ముసలమ్మగానే నేను దానికి తెలుసు. దాని పుస్తకం తీసుకుని తిరగేశాను. మొదట కణానికి దెబ్బ తగలడం, తర్వాత వాపూ మంటా, ఆ తర్వాత పెరగకూడనిది పెరగడం, ఇలా మూడు పెద్ద పాఠాలు, రంగుల బొమ్మలు, చివర బోలెడు ప్రశ్నలు. ఈ మూడింటినీ నేను ఒక్క పుస్తకం లేకుండా, మా వదిన ప్రాణం మీదికి వచ్చినప్పుడు, వారం పది రోజుల్లో నేర్చుకున్నానని ఆ పిల్లకు చెప్పాలనిపించింది. చెప్పాను కూడా, కానీ తెల్లారితే పరీక్ష ఉన్న పిల్ల చెవికి ఎంతవరకు ఎక్కిందో తెలియదు. మీరైతే నా ఈడువాళ్ళు, ఫోన్లు లేని రోజుల్లో జబ్బు పడ్డవాళ్ళు, జబ్బు పడ్డవాళ్ళ కోసం బస్సులెక్కి దిగినవాళ్ళు, అందుకని మీకైతే పూర్తిగా చెప్పుకోవచ్చు.

నలభై ఏళ్ళు కావస్తోంది. నాకప్పుడు ఇరవై నాలుగు. మాది ఆత్మకూరు, నాన్న బడిపంతులు, నేను ల్యాబ్ కోర్సు పూర్తి చేసిన ఏడాదే పోయారు. ఉద్యోగం వెతుక్కుంటూ పేటకు వస్తే, బస్టాండుకు దగ్గరలో ఒక బట్టల దుకాణం వెనక రెండు గదుల్లో ల్యాబ్ నడుపుతున్న డాక్టరమ్మ నన్ను పెట్టుకున్నారు. ఆమెది కోదాడ. మాట కొంచెం కృష్ణా వైపు మొగ్గేది, కోపం మాత్రం ఏ జిల్లాకూ చెందనిది. ముందుగదిలో రక్తం, మూత్రం, కళ్ళె పరీక్షలు జరిగేవి, అవి గదుల కిరాయికీ నా జీతానికీ. వెనకగది ఆమె ప్రాణం. అక్కడ ఒక మైక్రోస్కోపు, మైనం కరిగించే పెట్టె, మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కను వెంట్రుక కంటే పలచగా కోసే ఒక ఇనుప యంత్రం, గోడ పొడవునా రంగుల సీసాలు ఉండేవి.

ఆ ముక్కలు మాకు చేరే పద్ధతి చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. కోదాడలోనో మిర్యాలగూడలోనో ఒక నర్సింగ్ హోములో గడ్డ తీస్తే, దాన్ని ఫార్మలిన్ అనే ఘాటైన మందులో వేసి, మూతకు ప్లాస్టర్ చుట్టి, దాని మీద పేషెంటు పేరు రాసి, పేటకు వచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. సీసా ఏది దొరికితే అది. టానిక్ సీసాలు వచ్చేవి, పచ్చడి సీసాలు వచ్చేవి, ఒకసారి మునగాల నుంచి పసిపిల్లల పాలసీసా కూడా వచ్చింది. మధ్యాహ్నం పన్నెండింటికి నేను బస్టాండులో నిలబడి, డ్రైవరు సీటు కింద నుంచి వాటిని ఏరుకునేదాన్ని. కండక్టర్లు నాకు ముక్కల మేడం అని పేరు పెట్టారు. మొదట్లో ఏడుపొచ్చేది, ఏడాది తిరిగేసరికి అలా పిలిస్తేనే వెనక్కి తిరిగి చూసేదాన్ని.

అలా పంపేవాళ్ళు కూడా కొద్దిమందే. చాలాచోట్ల తీసిన గడ్డను పళ్ళెంలో పెట్టి బయట నిలబడ్డ బంధువులకు చూపించేవారు. వాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూసి, ఇంత పెద్దదా అని ఆశ్చర్యపోయి, డాక్టరుకు దండం పెట్టేవారు. ఆ తర్వాత అది ఎటు పోయేదో ఎవరూ అడిగేవారు కాదు. మా డాక్టరమ్మకు ఈ పళ్ళెం అంటే ఒళ్ళు మంట. గడ్డ ఎంత పెద్దదో చూపించడం కాదు, అదేమిటో చెప్పాలని చుట్టుపక్కల డాక్టర్లందరికీ పోస్టుకార్డులు రాసేవారు. ఆ కార్డులు పోస్టులో వేసే పని కూడా నాదే.

నాకు చెప్పేటప్పుడు ఆమె వరిమడిలోంచి బయటికి వచ్చేవారు కాదు. నారు వాడిపోయిందంటే చచ్చిపోయిందని కాదట, వేళకు నీళ్ళు పెడితే లేస్తుందట, ఒక హద్దు దాటాక మాత్రం సాగర్ కాలువ మొత్తం తిప్పి పోసినా లేవదట, కణానికి తగిలే దెబ్బ కూడా అంతేనట. ఇక వాపంటారా, ఒకరింట్లో దొంగ పడితే వీధి వీధంతా కర్రలు పట్టుకుని పరుగెత్తుకు రావడం, ఆ తొక్కిసలాటకు వేడి పుట్టడం, ఒక్కోసారి దొంగ దొరక్కపోగా ఆ ఇంటి తలుపులే విరగడం. పెరగకూడనిది పెరగడం వరిలో ఊద అనే కలుపు మొలవడం లాంటిది. ఆకు ఒకటే, రంగు ఒకటే, గట్టు మీద నిలబడ్డవాడికి రెండూ పచ్చగానే కనిపిస్తాయి, మడిలో దిగి మొదలు పట్టుకుని చూస్తే గానీ ఏది ఏదో తెలియదు. నేను తలూపేదాన్ని. తలూపడం వేరు, ఎక్కడం వేరు అని మా వదిన వల్ల తెలిసింది.

మా అన్న అప్పుడు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో బాయిలర్ దగ్గర పని. వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, కల్లంలో ఆరబోసి, ఆ తర్వాత మర పట్టి ఉప్పుడు బియ్యం తీసే మిల్లు అది. ఆవిరి ఎంతసేపు పట్టాలో మా అన్న గడియారం చూడకుండా ముక్కుతో చెప్పేవాడు, ఆ విద్య అంటే మిల్లు సేటుకు ఎంత గురో మా అన్నకు అంతకు రెట్టింపు గర్వం. మా అమ్మ వాళ్ళతోనే ఉండేది. వదినకు ముప్పై లోపే, చంకన ఏడాదిన్నర ఆడపిల్ల, ఇంకా పాలు మానని పిల్ల. మొన్న మా ఇంట్లో పాఠం బట్టీ పట్టిన పిల్లకు ఆ చంటిదే తల్లి.

వదిన రొమ్ములో గడ్డ లేచి మూడు నెలలయిందని మాకు తెలిసేనాటికి అది నిమ్మకాయంత అయింది. రాయిలా గట్టిగా ఉంది, పట్టుకుంటే కదలదు, చంకలో ఇంకొకటి తగులుతోంది. మనిషి సగమైంది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందని ఆమె అన్నా, పనెక్కువై అలసటలే అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. మిర్యాలగూడ సర్జన్ గారు చేత్తో పట్టి చూసి, క్యాన్సరే, వచ్చే గురువారం రొమ్ము తీసేద్దామని తేల్చారు. కాగితాల కోసమని ఒక చిన్న ముక్క తీసి సీసాలో వేసి, పేటలో మీ చెల్లెలి దగ్గరికే కదా నువ్వే పట్టుకుపో అని మా అన్న చేతికిచ్చారు. తీయడం ఖాయమైపోయింది, ముక్క పంపడం మర్యాద కోసం.

అన్న శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కాడు. మూత సరిగ్గా బిగించలేదో, ప్లాస్టర్ ఊడిందో, ఊరు దాటకముందే సీసా సంచీలో కారడం మొదలుపెట్టింది. ఫార్మలిన్ ఘాటు ఎరిగినవాళ్ళకు వేరే చెప్పక్కరలేదు, అయిదు నిమిషాల్లో బస్సంతా కళ్ళు తుడుచుకోవడం, దగ్గడం, పసిపిల్లల ఏడుపులు. కండక్టరు మర్యాదగానే మా అన్నను సంచీతో సహా దింపేశాడు. మందంతా కారిపోయి అడుగున ముక్క ఒక్కటే మిగిలింది. ఇంకొకరైతే తిరిగి దవాఖానకు పోయి మళ్ళీ మందు పోయించుకునేవారు. మా అన్న మిల్లుకు పోయాడు.

ఆయన ఆలోచన ఆయనకు సబబే. నానిన వడ్లు అలాగే ఉంచితే రెండు రోజుల్లో పుల్లటి వాసన కొట్టి మురిగిపోతాయి, అవే వడ్లకు ఆవిరి పట్టి ఎండబెడితే ఎన్నాళ్ళయినా నిలుస్తాయి. చెడిపోయే వస్తువును చెడకుండా కాపాడడంలో మిర్యాలగూడలో తనను మించినవాడు లేడన్న నమ్మకం ఉన్నవాడు మా వదిన ముక్కను మందు లేని సీసాలో గాలికి ఎందుకు వదిలేస్తాడు? ఉతికిన గుడ్డలో చుట్టి, బాయిలర్ గొట్టం దగ్గర తన లెక్కకు సరిపడా ఆవిరి పట్టించి, కల్లం గట్టు మీద పరిచి, కాకులు ఎత్తుకుపోకుండా ఎండ దిగేదాకా పక్కనే కూర్చున్నాడు. శనివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ల్యాబ్‌కు వచ్చి, జేబులోంచి పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు.

“మందు కారిపోయింది చెల్లె. పచ్చిది పచ్చిగ ఉంచితె మురుగుతది గద, అందుకే జర ఆవిరి పట్టి ఎండబెట్టి తెచ్చిన. ఇగ ఏండ్లు ఉంచినా ఏం కాదు.”

ఆ ముఖంలో వెలుగు చూసి పొట్లం జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. భార్య కోసం తనకు తెలిసిన అతి గొప్ప పని చేసి వచ్చిన మనిషిని ఏమంటాం. టీ తాగించి బస్సెక్కించాను. అదే రోజు నేను మిర్యాలగూడ పోయి ఇంకో ముక్క తీయించి ఉంటే అయిపోయేది, కానీ ఏమో, మైనంలో పెట్టి కోస్తే ఎంతో కొంత కనిపించకపోతుందా అని ఆశపడ్డాను. ఆ ఆశకు మాకు మూడు రోజులు ఖర్చయ్యాయి.

మంగళవారం మధ్యాహ్నం స్లైడు తయారైంది. డాక్టరమ్మ మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూశారు. మేం వేసే రంగుకు కణం నడుమ ఉండే గింజ ఊదాగా, మిగతాదంతా గులాబీగా కనిపించాలి. ఆ స్లైడులో అంతా ఒకే గులాబీ, గింజ అన్నది ఎక్కడా లేదు. చచ్చిన కణం తీరే అది. ఆమె కుర్చీ వెనక్కి జరిపి నన్ను చూడమన్నారు, కోపం లేదు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

“ఇందులో కణాలన్నీ చచ్చిపోయాయమ్మాయ్. జబ్బు చంపిందో, మీ అన్నయ్య చంపాడో నేను చెప్పలేను. చెప్పలేనని రాయడానికి నాకు సిగ్గులేదు, తెలియకుండా చెప్పడానికే సిగ్గు.”

కణానికి దెబ్బ తగలడం అనే మొదటి పాఠం నాకు ఆ క్షణాన ఎక్కింది. గురువారానికి మధ్యలో ఒక్క రోజు ఉంది. డాక్టరమ్మ సర్జన్ గారికి ఒక ఉత్తరం రాసి, ఒక గాజు సీసాకు స్వయంగా మూత బిగించి, మైనం కరిగించి చుట్టూ పోసి, తలకిందులుగా పట్టుకుని చూసి, అప్పుడు నా సంచీలో పెట్టారు. ఇంకో ముక్క తీయించి నువ్వే పట్టుకురా, ఎవరి చేతికీ ఇవ్వకు అన్నారు. సాయంత్రపు జ్వరం సంగతి నేను ఏదో మాటల్లో చెబితే రెండోసారి చెప్పించుకున్నారు గానీ దాని మీద ఏమీ అనలేదు.

బుధవారం పొద్దున మొదటి బస్సుకు మిర్యాలగూడ చేరేసరికి వదినను అప్పటికే నర్సింగ్ హోములో చేర్చారు. నేను వచ్చిన పని వినగానే మా అమ్మ మండిపడింది. గడ్డకు కత్తి తగిలితే పాకుతుందని ఊరంతా అనుకునే రోజులు, ఒకసారి తగిలింది చాలదని రెండోసారి తగిలించడానికి సొంత ఆడబిడ్డ బస్సెక్కి వచ్చిందని ఆమె బాధ. అన్న తల దించుకుని గోడ వైపు తిరిగాడు, తన ఆవిరి వల్లే ఇదంతా అని అప్పుడే అర్థమైంది ఆయనకు. నాకూ ధైర్యమేమీ లేదు. నిజంగా అది క్యాన్సరే అయితే నా వల్ల ఆలస్యమైన ఒక్కో రోజూ నా మెడకు చుట్టుకుంటుందని నాకు తెలుసు, ఆ చంటిపిల్ల వదిన పక్కలో చేరి పాలు తాగుతూ కాలితో నా చేతిని తంతుంటే ఆ సంగతి మరీ బాగా తెలుస్తోంది.

సర్జన్ గారు ఉత్తరం చదివి బల్ల మీద పడేశారు. చెడ్డవాడేమీ కాదు, చేయి తిరిగినవాడు, ఆ చేతి మీద నమ్మకంతోనే ఊళ్ళో అంత పేరు. ఇరవై ఏళ్ళుగా గడ్డలు పట్టి చూస్తున్న చేతికి సీసాలో ముక్క సాక్ష్యం కావాలా అన్నారు. నాలుగు రోజులు ఆగితే పాకుతుంది, దానికి జిమ్మేదారి నువ్వు తీసుకుంటావా అని సూటిగా నన్నే అడిగారు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న వదిన, అప్పటిదాకా ఎవరేం చెబితే దానికి తలూపిన మనిషి, కొంగు భుజం మీదికి లాక్కుని మెల్లగా మాట్లాడింది.

“తీసేయాల్నంటె తీసేయుండ్రి సారూ, నేను వద్దనను. గని అదేందో తెల్వకుండ తీయకుండ్రి. నాలుగు దినాలల్ల ఏమన్న అయితె జిమ్మేదారి నాదే, ఈ పిల్లది కాదు.”

ఆయన ఆమెను చూశారు, నన్ను చూశారు, నర్సును పిలిచి బ్లేడు తెమ్మన్నారు. ఆపరేషన్ సోమవారానికి మార్చారు, అంతకు మించి ఒక్క రోజు కూడా ఆగనన్నారు. ముక్క సీసాలో పడ్డ చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. తిరుగు బస్సులో సీసాను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో మూత అదిమిపట్టి కూర్చున్నాను. ముందువారం మా అన్నను దింపేసిన కండక్టరే ఎదురై, మళ్ళీ అదేనా అని నా ముఖం వంక చూసి, తన సీటు ఖాళీ చేసి నన్ను కూర్చోబెట్టాడు.

ముక్క మందులో ఒక రోజు, ఆ తర్వాత వరసగా ఏడెనిమిది సీసాల్లో మునిగి లేచి, నీరంతా పోయి మైనంలో కుదురుకోవడానికి ఇంకో రోజు. ఏ మెట్టూ తొందరపెడితే కుదరదు. నేను రోజూ చేసే పనే అయినా ఆ మూడు రోజులు అన్నం సహించలేదు. శనివారం పొద్దున మైనపు దిమ్మను యంత్రానికి బిగించి పిడి తిప్పితే, మొదటి పొర ముడుచుకుపోయింది, రెండోది చిరిగింది. డాక్టరమ్మ తాను చేస్తాననలేదు, ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి ముందుగదిలోకి వెళ్ళిపోయారు. ఆ నీళ్ళు తాగాక మూడో పొర ఉల్లిపొరలా విడిపోయి నీళ్ళ మీద తేలింది. అంత మంచి పొర నేను ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు కోయలేదు, గొప్పకు చెప్పడం లేదు.

రంగులు వేసి, ఆరబెట్టి, గాజు మూత అతికించి ఆమె ముందు పెట్టాను. కంటితో చూడ్డానికే అది గులాబీ, ఊదా రెండూ కలిసిన స్లైడు, అంతవరకు బతికాం అనుకున్నాను. ఆమె వంగారు. స్లైడు ఈ చివర నుంచి ఆ చివరకు జరిపారు, మళ్ళీ జరిపారు, ఒక చోట ఆగారు. లేచి నిలబడి, తన కుర్చీ నా వైపు తోసి, కూర్చుని చూడమని, ఏం కనిపిస్తే అది చెప్పమన్నారు. ఆమె ఏమీ ముందు చెప్పలేదు, అందుకే ఆ చూపు ఇప్పటికీ నా సొంతమే.

నడుమ జున్ను విరిగినట్టు గులాబీ రంగు ముద్ద, చచ్చిన కణాల గుట్ట. దాని చుట్టూ గుంపులు గుంపులుగా బతికున్న కణాలు, కాపలా కాయడానికి చేరినవి. ఆ గుంపులో ఒక పెద్ద కణం, దాని గింజలన్నీ అంచు వెంబడి గుర్రపు నాడాలా వరసగా పేర్చినట్టు ఉన్నాయి. ఇంకా వెతికాను, అదుపు తప్పి పెరిగే కణం కోసం, ఊద కోసం, మూల మూలా వెతికాను. లేదు. దొంగ పడ్డాడు, వీధంతా పరుగెత్తుకు వచ్చింది, ఆ తొక్కిసలాటే మేమంతా గడ్డ అనుకున్నది. తల ఎత్తి టీబీ అన్నాను. డాక్టరమ్మ నవ్వారు. మరో రంగు వేసి క్రిములను కూడా వెతికారు, చాలాసేపటికి రెండు ఎర్రటి పుల్లల్లా దొరికాయి. క్యాన్సర్ కాదు, రొమ్ములో టీబీ, చంకలోదీ అదే, మందులతో పోతుంది అని రిపోర్టు రాసి సంతకం పెట్టి కవరులో వేసి నా చేతికిచ్చారు. స్లైడు చేసినదానివి నువ్వే పోయి చెప్పు అన్నారు.

ఆపరేషన్ వాయిదా పడ్డాక వదినను ఇంటికి పంపేశారు, నేను పోయేసరికి వాకిట్లో చంటిదానికి తల దువ్వుతోంది. అమ్మ బుధవారం నుంచి నాతో మాట మానేసింది, అయినా పీట వాల్చింది. నేను సర్జన్ గారి దగ్గరికి కాక ముందు ఇంటికే పోయాను, అది పద్ధతి కాదని తెలిసే పోయాను. కవరు విప్పకుండానే చెప్పాను, క్యాన్సర్ కాదు వదినా, తీయాల్సిన పని లేదు అని. ఆమె దువ్వెన పక్కన పెట్టి చాలాసేపు నా చేయి పట్టుకుంది. అమ్మ వాకిట్లోనే మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థన చేసింది, అందులో నా పేరు రెండుసార్లు వచ్చింది, ఆమె నాకు చెప్పిన క్షమాపణ అదే. అన్న మిల్లు నుంచి వచ్చి విని, నూతి దగ్గరికి పోయి ముఖం కడుక్కుని వచ్చాడు, కళ్ళు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

సర్జన్ గారి గొప్పతనం కూడా చెప్పాలి. రిపోర్టు చదివి, తన చేయి పొరపాటు పడిందని మా అందరి ఎదుట ఒప్పుకున్నారు, ఒప్పుకుని ఆ రోజే టీబీ మందులు మొదలుపెట్టించారు. ఆరు నెలలు దాటి ఇంకో మూడు నెలలు వాడింది వదిన, ఒక్క పూట తప్పలేదు. గడ్డ నిమ్మకాయ నుంచి బఠాణీకి, బఠాణీ నుంచి లేనిదానికి కరిగింది. మనిషి ఒళ్ళు చేసింది, సాయంత్రం జ్వరాలు పోయాయి. ఆ సర్జన్ గారు ఆ తర్వాత పళ్ళెం చూపించడం మానేసి, తీసిన ప్రతి ముక్కనూ మాకే పంపేవారు. కొన్నాళ్ళు సీసా మీద పేషెంటు పేరు కింద ‘ఆవిరి పట్టలేదు’ అని కూడా రాసేవారు, డాక్టరమ్మ అది చూసి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వేవారు. మా అన్నను ఇంట్లో ఏ వంట బాగా ఉడికినా మేము ఏడిపించేవాళ్ళం, ఆయనా నవ్వేవాడు. వదిన మిల్లు కల్లాల్లో పనిచేసే ఆడవాళ్ళకు ఎవరికి ఎక్కడ గడ్డ లేచినా తానే వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయేది, తెల్వకుండ తీయనీయొద్దు అని ఒక్కొక్కరికీ చెప్పేది. ఆమెకు ఇప్పుడు డెబ్భై దగ్గర పడుతోంది. కోడళ్ళ మీద గొంతు లేస్తే పక్క వీధికి వినిపిస్తుంది.

డాక్టరమ్మ పోయి చాలా ఏళ్ళయింది, మా రెండు గదులు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. పాత రోజులే బాగున్నాయని ఏడ్చే రకాన్ని కాను నేను. మూత ఊడని సీసాలు వచ్చాయి, ముక్కను మైనంలో పెట్టే పని యంత్రమే చూసుకుంటుంది, రెండు రోజుల్లో రిపోర్టు పేషెంటు ఫోన్‌లోకి వచ్చి పడుతుంది, దాని వల్ల ఎంతమంది వదినలు నిలబడ్డారో, నిలబడతారో. అదంతా నాకు సంతోషమే. అయినా ఒక్కదానికి మాత్రం నా మనసు ఊరుకోదు. ఆ శనివారం పేట నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో, కిటికీ పక్క సీట్లో, కవరు రవికెలో దాచుకుని కూర్చున్నాను. కాలువ గట్ల మీద మనుషులు, నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు, సైకిళ్ళ మీద గడ్డి మోపులు, ఎవరికీ తెలియదు. బస్సులో ఎవరికీ తెలియదు. మా వదిన బతుకుతుందన్న సంగతి ఈ లోకంలో డాక్టరమ్మకూ నాకూ మాత్రమే తెలుసు, దాన్ని పట్టుకుని నేను ఆమె దగ్గరికి పోతున్నాను. ఆ రెండు గంటలు నల్గొండ జిల్లా మొత్తంలో నా అంత గొప్పవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు వార్తే అందరికంటే ముందు వెళ్ళిపోతుంది, పాపం, దాన్ని మోసుకుపోయే ఆ రెండు గంటలు ఎవరికీ దక్కడం లేదు.